చివరి 10 సెకన్లలో బంతి మీ చేతికొస్తే ఏం చేయాలి? రిసీవర్‌లా ఆలోచించడం ఎలా?

ముందే చెప్పేస్తున్నా, ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ గురించి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసిరి, చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. డాలస్ చుట్టుపక్కల పార్కుల్లో ఆదివారం పొద్దున మన కుర్రాళ్లు ఒకవైపు క్రికెట్ ఆడుతుంటే, ఇంకోవైపు మాలాంటి నలభై దాటినవాళ్లం నడుముకి రిబ్బన్లు కట్టుకుని ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంటాం. ఇందులో ఎవరూ ఎవర్నీ పడగొట్టరు, నడుముకున్న రిబ్బన్ లాగేస్తే ఆట ఆగినట్టే. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కూడా ఇది ఉంది కాబట్టి ఇకమీదట పిల్లలు అడిగే అవకాశం ఎక్కువే.

క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పరిగెత్తి పట్టుకుంటాడు. చూడ్డానికి అంతే. కానీ మ్యాచ్ చివరి క్షణాల్లో పట్టుకున్నవాడు ఏం చేశాడన్నదాని మీదే గెలుపోటములు తేలిన సందర్భాలు బోలెడున్నాయి. అలాంటప్పుడు కామెంటేటర్లు "అదంతా ఇన్‌స్టింక్ట్" అనేసి ఊరుకుంటారు. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. ఆ రెండు సెకన్లలో బుర్ర అంత వేగంగా పనిచేసిందంటే, అందులో ముప్పావు వంతు పని ముందే అయిపోయింది కాబట్టే.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. 2018 జనవరి 14, మినియాపొలిస్, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలో ఈ ఆటకున్న పెద్ద ప్రొఫెషనల్ లీగ్) ప్లేఆఫ్ మ్యాచ్. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ 24, మిన్నెసోటా వైకింగ్స్ 23. గడియారంలో 10 సెకన్లు. వైకింగ్స్ దగ్గర టైమవుట్లు, అంటే అడిగి గడియారం ఆపించే అవకాశాలు, లేవు, బంతి వాళ్ల సొంత వైపు 39 గజాల గీత దగ్గరుంది. క్వార్టర్‌బ్యాక్ కేస్ కీనమ్ కుడి సైడ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు విసిరితే, స్టెఫాన్ డిగ్స్ అనే రిసీవర్ గాల్లోకి ఎగిరి పట్టుకున్నాడు. 61 గజాల టచ్‌డౌన్ (బంతితో మైదానం అవతలి చివరున్న ఎండ్‌జోన్‌లోకి చేరడం), 29-24. మినియాపొలిస్ మిరకిల్ అని పేరు పడిపోయింది.

అడుగు 1: బంతి కదలకముందే లెక్క కట్టండి

బంతి వెనక్కి అందించే క్షణాన్ని స్నాప్ అంటారు. స్నాప్‌కి ముందే మీకు నాలుగు సంగతులు తెలిసి ఉండాలి: స్కోరు తేడా ఎంత, టైమ్ ఎంతుంది, టైమవుట్లు ఉన్నాయా, సైడ్‌లైన్ ఎటువైపు ఎంత దూరం. డిగ్స్ పరిస్థితే చూడండి. తేడా ఒక్క పాయింటు, అంటే టచ్‌డౌన్ అక్కర్లేదు, బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపే 3 పాయింట్ల ఫీల్డ్ గోల్ చాలు. ఆ జట్టు కిక్కర్ అదే మ్యాచ్‌లో కాసేపటి ముందు 53 గజాల నుంచి కొట్టి ఉన్నాడు. కాబట్టి ప్లాన్ ఏమిటంటే, బంతి పట్టుకో, గీత దాటి బయటికెళ్లు, గడియారం ఆగుతుంది, మిగతాది కిక్కర్ చూసుకుంటాడు. మైదానం లోపల పడిపోతే మాత్రం గడియారం తిరుగుతూనే ఉంటుంది, టైమవుట్ లేదు కాబట్టి మ్యాచ్ అయిపోయినట్టే.

మీ లీగులో రూలు వేరే ఉండొచ్చు. ఫ్లాగ్ ఆటల్లో చాలాచోట్ల చివరి ఒకటి రెండు నిమిషాల్లో తప్ప గడియారం ఆగదు. రెఫరీని మ్యాచ్‌కి ముందే అడిగేయండి. ఇది తెలియక నేను ఒకసారి పరువు పోగొట్టుకున్నాను, ఆ కథ తర్వాత చెప్తా.

స్నాప్‌కి ముందు చూడాల్సింది ఇంకొకటుంది. అవతలి జట్టులో అందరికంటే వెనక నిలబడేవాళ్లని సేఫ్టీలు అంటారు. ఒక్కడే ఉండి మధ్యలో నిలబడితే అంచులు కాస్త ఖాళీగా ఉంటాయి. ఇద్దరు చెరోవైపు ఉంటే మధ్యలో సందు దొరుకుతుంది. ప్రతిసారీ ఇలాగే ఉంటుందని కాదు, కావాలని తప్పుదారి పట్టించేవాళ్లూ ఉంటారు, అయినా ఈ ఒక్క చూపుతో సగం అనుమానం తీరిపోతుంది.

అడుగు 2: చేతులు దాచుకోండి

కొత్తగా ఆడేవాళ్లందరూ చేసే తప్పు ఇదే. బంతి ఇంకా గాల్లో ఉండగానే చేతులు చాచేసి, పెళ్లి విందులో వడ్డించేవాడి కోసం ఎదురుచూస్తున్నట్టు పరిగెత్తుతారు. దానివల్ల వేగం తగ్గుతుంది. అంతకంటే పెద్ద నష్టం, మీ వెనకాల వస్తున్న డిఫెండర్‌కి బంతి కనపడదు కదా, వాడు చూసేది మీ కళ్లనీ చేతుల్నీ. మీ చేతులు లేచాయంటే బంతి వచ్చేసిందని వాడికి కబురు అందినట్టే, వెంటనే చెయ్యి అడ్డం పెడతాడు. మామూలుగా చేతులు ఊపుతూ పరిగెత్తండి, చివరి క్షణంలోనే లేపండి.

అడుగు 3: బంతిని ముందు కళ్లతో పట్టండి

ఛాతీ కంటే పైకి వచ్చే బంతికి రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు దగ్గరగా తెచ్చి మధ్యలో వజ్రం ఆకారంలో ఖాళీ ఉంచండి, బంతి ముక్కు అందులోకి రావాలి. నడుము కంటే కిందికి వస్తే చిటికెనవేళ్లు దగ్గరగా, అరచేతులు పైకి. పట్టేది వేళ్లతో, అరచేత్తో కాదు. చప్పట్లు కొట్టినట్టు "ఠప్" మని చప్పుడొచ్చిందంటే అరచేతికి తగిలిందని అర్థం, అలాంటి బంతులే ఎగిరి బయట పడతాయి.

ఇక కళ్లు. బంతి చేతిలోకి వచ్చాక కూడా, దాన్ని చంకలోకి లాక్కునేదాకా చూపు దాని మీదే ఉండాలి. సగం డ్రాపులు (చేతికొచ్చిన బంతి జారవిడవడాలు) చేతకాక కాదు, పట్టకముందే పరిగెత్తడం గురించి ఆలోచించడం వల్ల. పట్టాక బంతి కొనని వేళ్లతో కప్పి, మోచేతి మడతలోకి తోసి, పక్కటెముకలకు అదిమి పెట్టండి. బస్టాండులో పర్సు ఎలా పట్టుకుంటారో అలా.

అడుగు 4: గీతని కాళ్లతో చదవండి

సైడ్‌లైన్ దగ్గర కళ్లు బంతి మీద ఉంటాయి కాబట్టి గీతని చూడలేరు. కాళ్లకే తెలియాలి. ఇది మనకి కొత్తేం కాదు. కబడ్డీలో కూతకెళ్లినవాడికి నడి గీత ఎంత దూరంలో ఉందో వెనక్కి తిరగకుండానే తెలుస్తుంది. క్రికెట్ కావాలంటే 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్ గుర్తు చేసుకోండి. దక్షిణాఫ్రికాకి చివరి ఓవర్లో 16 పరుగులు కావాలి, మొదటి బంతికే మిల్లర్ గాల్లోకి లేపితే సూర్యకుమార్ యాదవ్ తాడు దగ్గర పట్టుకుని, బంతిని లోపలికి ఎగరేసి, బయట అడుగేసి, మళ్లీ లోపలికొచ్చి పట్టుకున్నాడు. అతను తాడు వైపు చూస్తూ కూర్చుంటే ఆ క్యాచ్ ఉండేదా?

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్యాచ్ లెక్కలోకి రావాలంటే రెండు పాదాలూ లోపల పడాలి. కాలేజీ ఆటలో ఒకటి చాలు, ఫ్లాగ్‌లోనూ చాలా లీగుల్లో అంతే. 2009 ఫిబ్రవరి 1న టాంపాలో జరిగిన సూపర్ బౌల్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) పిట్స్‌బర్గ్ స్టీలర్స్ రిసీవర్ శాంటోనియో హోమ్స్ చేసింది దీనికి పాఠం లాంటిది. 35 సెకన్లు మిగిలాయి, చుట్టూ ముగ్గురు డిఫెండర్లు, ఎండ్‌జోన్ కుడి మూలలో బంతి తల మీద నుంచి పోతోంది. ఒళ్లంతా గీత బయటికి వాలిపోయింది, రెండు కాళ్ల మునివేళ్లు మాత్రం లోపల గడ్డిని ఆనుకుని ఉన్నాయి. 27-23. అంతకంటే నాకు నచ్చే సంగతి, సరిగ్గా దాని ముందు ప్లేలో (స్నాప్‌తో మొదలయ్యే ఒక్కో ప్రయత్నాన్ని ప్లే అంటారు) ఎడమ మూలలో అతని చేతుల్లోంచే బంతి జారిపోయింది. టచ్‌డౌన్ చేజారిందన్న బాధ పెట్టుకుని కూర్చోలేదు, తర్వాతి బంతికి వేళ్ల మీద నిలబడ్డాడు.

దీనికి చిట్కా చిన్నదే: గీత దగ్గర బంతి అందుకునేటప్పుడు కాళ్లు పరిగెత్తడం మానేసి, వేళ్ల కొసలు నేల మీద ఈడ్చాలి. మొదట్లో తప్పకుండా తూలి పడతారు, గడ్డి మెత్తగా ఉన్నచోట మొదలుపెట్టండి.

అడుగు 5: ఒక్క చూపు, ఒక్క ప్రశ్న

మళ్లీ డిగ్స్ దగ్గరికి. ఎగిరి పట్టుకున్నాడు. అదే క్షణంలో సెయింట్స్ సేఫ్టీ మార్కస్ విలియమ్స్ తల దించుకుని కాళ్ల వైపు దూసుకొచ్చి, డిగ్స్‌ని తాకకుండా కింద నుంచి వెళ్లి సొంత జట్టువాడినే పడగొట్టాడు. డిగ్స్ దిగీ దిగగానే తూలాడు. ఒక చెయ్యి నేలకి ఆనించి నిలదొక్కుకున్నాడు. ప్లాన్ ప్రకారం ఇప్పుడు బయటికి అడుగు వేయాలి. గీత పక్కనే ఉంది.

వేయలేదు. తల తిప్పి చూశాడు, ముందు పచ్చిక తప్ప మనిషి లేడు. పరిగెత్తాడు. ఆపేవాడే లేడు, ఎండ్‌జోన్‌లోకి వెళ్లేసరికి గడియారంలో సున్నాలు.

ఇక్కడ జాగ్రత్తగా చూస్తే, అతను ఆ క్షణంలో కొత్తగా ఆలోచించింది ఒక్కటే విషయం: ముందు ఎవరైనా ఉన్నారా? స్కోరు, టైమ్, గీత అన్నీ ముందే తేల్చుకుని ఉన్నాడు కాబట్టి బుర్రలో ఆ ఒక్క ప్రశ్నకే చోటుంది. మీరూ అలాగే కుదించుకోండి. ఒక్కడు ఉన్నా బయటికి, ఎవరూ లేకపోతే ముందుకి. రెండు దారులే. మూడోది పెట్టుకున్నారా, పోయారు.

నేను పెట్టుకున్నాను. 9 సెకన్లు ఉన్నాయి, 4 పాయింట్లు వెనకబడి ఉన్నాం, బంతి గీత పక్కనే దొరికింది, ఎదురుగా ఇద్దరు కనిపిస్తున్నారు. బయటికెళ్తే గడియారం ఆగి ఇంకో ప్లే దొరుకుతుందని నాకు నిజంగా తెలియదు, పైగా వాళ్లిద్దరి మధ్య నుంచి దూరిపోదామన్న హీరో వేషం ఒకటి. మూడడుగులు వేశానో లేదో రిబ్బన్ ఊడొచ్చింది, ఈల ఊదారు. ఇప్పటికీ బిర్యానీ ప్లేటు చేతికొచ్చిన ప్రతిసారీ ఎవడో ఒకడు "గీత అటుంది బావా, ఇటు కాదు" అంటాడు.

అడుగు 6: ప్లాన్ మొత్తం చెడిపోతే

చివరి నిమిషాల్లో సగం సార్లు ఇదే జరుగుతుంది. క్వార్టర్‌బ్యాక్‌ని తరుముకొస్తారు, వాడు పరుగందుకుంటాడు, మీరు వెళ్లాల్సిన దారికి అర్థం ఉండదు. అప్పుడు నిలబడి తమాషా చూడకండి. వాడు ఎటు పరిగెడితే మీరూ అటే జరగండి. దూరంగా ఉన్నవాళ్లు వాడి వైపు వెనక్కి రావాలి, దగ్గరగా ఉన్నవాళ్లు ఎండ్‌జోన్ వైపు దూసుకెళ్లాలి. ముఖ్యంగా వాడి కంటికి కనపడండి, డిఫెండర్ వీపు వెనకాల దాక్కుంటే వాడికి మీరు లేనట్టే.

2008 ఫిబ్రవరి 3న సూపర్ బౌల్‌లో న్యూయార్క్ జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఈలై మ్యానింగ్ చొక్కా పట్టుకుని లాగుతున్నవాళ్లని విదిలించుకుని మైదానం మధ్యలోకి విసిరాడు. అక్కడున్న డేవిడ్ టైరీ ఆ సీజన్ మొత్తంలో లీగ్ మ్యాచ్‌ల్లో పట్టినవి నాలుగే క్యాచ్‌లు. రెండు చేతులతో అందుకున్నాడు, డిఫెండర్ రాడ్నీ హారిసన్ లాగేస్తుంటే ఒక చెయ్యి జారిపోయింది, మిగిలిన చేత్తో బంతిని తన హెల్మెట్‌కే నొక్కిపట్టి కింద పడ్డాడు. 32 గజాలు. కాసేపటికే జెయింట్స్ 17-14తో గెలిచారు. హెల్మెట్‌కి అదమడం ఎవరూ నేర్పరు, కానీ బంతిని ఎత్తులోనే అందుకోవడం, ఊపిరి పోయినా వదలకపోవడం నేర్పుతారు.

బంతి ఎవరి చేతికైనా తగిలి గాల్లోకి లేస్తే ఇంకో రూలు: కింద పడేదాకా అది బతికే ఉంది. 2017లో హ్యూస్టన్ సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ రిసీవర్ జూలియన్ ఎడెల్‌మన్ ముగ్గురు అట్లాంటా డిఫెండర్ల మధ్యకి దూకి, చెదిరిన బంతి కిందకి నేలకి అంగుళాల ఎత్తులో వేళ్లు జొప్పించాడు. ఒకప్పుడు 28-3తో వెనకబడిన పేట్రియట్స్ 34-28తో గెలిచింది ఆ మ్యాచే.

అడుగు 7: ఇంటి దగ్గర సాధన

ఖరీదైనదేం అక్కర్లేదు. టెన్నిస్ బంతిని గోడకి కొట్టి ఒక్క చేత్తో పట్టండి, రోజూ కుడి 50, ఎడమ 50. తర్వాత విసిరేవాడికి వీపు చూపించి నిలబడండి, వాడు "బంతి" అని అరిచాకే తిరగాలి. మొదట్లో ముక్కుకి తగులుతుంది కాబట్టి మెత్తటి బంతితో చేయండి. పేవ్‌మెంట్ మీద సుద్దతో గీత గీసి, దాని అంచున నెమ్మదిగా నడుస్తూ బంతి పట్టి వేళ్లు లోపల ఉంచడం చేయండి, పరుగు తర్వాత. వేలు బెణికితే ఐసు పెట్టి పక్క వేలితో కలిపి టేపు చుట్టి ఆ రోజుకి ఆపేయండి, వంకరగా కనిపిస్తే మాత్రం డాక్టర్ దగ్గరికి.

ఆఖరిది మా ఇంట్లో కనిపెట్టిన ఆట. ఒకరు బంతి విసురుతారు, విసిరేముందు పరిస్థితి చెప్తారు: "7 సెకన్లు, టైమవుట్ లేదు, 2 పాయింట్లు వెనక." ఇంకొకరు నాకు ఇరవై గజాల ముందు నిలబడి, నేను పట్టుకున్న క్షణంలో చెయ్యి ఎత్తొచ్చు, ఎత్తకపోవచ్చు. ఎత్తితే డిఫెండర్ ఉన్నట్టు, గీత దాటాలి. ఎత్తకపోతే పరుగే. పదకొండేళ్ల మావాడు ఇందులో నాకంటే నయం. మొన్న ఆదివారం నేను బంతి పట్టుకుని గబగబా గీత దాటేసి గొప్పగా తిరిగి చూస్తే, వాడు రెండు చేతులూ జేబులో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాన్నా, నువ్వసలు చూశావా?" అన్నాడు.