డాగ్ షోకి హ్యాండ్లర్‌ని పెట్టుకుంటున్నారా?

నల్లగొండ, మిర్యాలగూడ వైపు నుంచి షోకి పోవాలంటే చాలాసార్లు హైదరాబాదే దిక్కు. షో రింగ్‌లో జడ్జి ముందు మీ కుక్కను నడిపించి చూపించే హ్యాండ్లర్ కూడా ఎక్కువగా అక్కడే దొరుకుతాడు. ఫీజు మాట్లాడేముందు ఒక్కటి అడగండి: ఆ రోజు మీ కుక్క జాతివే ఇంకెన్నింటిని పట్టుకుంటున్నాడు? రెండూ ఒకేసారి రింగ్‌లోకి రావాల్సి వస్తే, మీదాన్ని ఏ అసిస్టెంట్ చేతిలోనో పెడతాడు. ప్రయాణం, గ్రూమింగ్ ఫీజులోనేనా, గెలిస్తే అదనమా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్, మైక్రోచిప్ సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.

ఇంటికొచ్చిన కొత్తవాళ్లతో కుక్క పెదవి ఎత్తించి పళ్లు చూపించడం అలవాటు చేయండి. జడ్జి చెయ్యి వేయగానే వెనక్కి జరిగే కుక్కతో ఎంత పేరున్న హ్యాండ్లరైనా ఏం చేస్తాడు? రింగ్ నడుస్తున్నంతసేపు మీరు దాని కంటపడకండి. గాలివాటం కూడా చూసుకోండి. మీ వాసన పట్టిందంటే నడక వదిలేసి మీకోసమే వెతుకుతుంది.