స్విమ్మింగ్ అయ్యాక తడి కాస్ట్యూమ్‌తోనే ఇంటికొచ్చేస్తున్నారా? ఈస్ట్ ఇన్ఫెక్షన్ గురించి ఆడవాళ్ళు తెలుసుకోవాల్సినవి

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ ఎక్కడ చూసినా సమ్మర్ స్విమ్మింగ్ బ్యాచ్‌లు మొదలైపోతాయి, ఈమధ్య లేడీస్ బ్యాచ్‌లు కూడా బాగా నడుస్తున్నాయి, చాలా సంతోషం. కానీ కొన్నాళ్ళకి కొంతమందికి కింద దురద, మంట, తెల్లబట్ట మొదలవుతాయి. ఎవరికీ చెప్పుకోలేక "ఒంట్లో వేడి చేసిందిలే" అని సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు తాగుతూ వారాలు గడిపేస్తారు. సబ్జా తాగితే తాగండి, మంచిదే, కానీ ఈస్ట్ దానితో పోదు.

ఈస్ట్ అంటే ఒకరకం ఫంగస్, ఎక్కువగా క్యాండిడా అల్బికన్స్ అనేది. ఇది పూల్ నీళ్ళలోంచి మనకి అంటుకునేది కాదండి, చాలామంది ఒంట్లో ముందునుంచే కొద్దిగా ఉంటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు. యోనిలో ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని అదుపులో ఉంచుతుంది. తడి, వేడి, గాలి ఆడకపోవడం ఈ మూడూ కలిస్తే మాత్రం అది పెరగడానికి వీలవుతుంది. నైలాన్, లైక్రా కాస్ట్యూమ్ ఒంటికి పట్టేసి ఉంటుంది, అదే తడితో స్కూటీ మీద ఎండలో ఇంటికొచ్చి, పిల్లలకి టిఫిన్ పెట్టి, అప్పుడు తీరిగ్గా స్నానానికి వెళ్తే అంతసేపూ గజ్జల్లో తడి ఆరనే ఆరదు.

కాబట్టి మొదటి పని, నీళ్ళలోంచి బయటికి రాగానే బట్టలు మార్చేయడం. బ్యాగ్‌లో పొడి టవల్, కాటన్ ప్యాంటీ, లూజుగా ఉండే సల్వార్ లేదా పలాజో పెట్టుకోండి, జీన్స్, లెగ్గింగ్స్ వద్దు. షవర్‌లో మామూలు నీళ్ళతో క్లోరిన్ పోయేలా కడుక్కుని గజ్జలు, రొమ్ముల కింద, పొట్ట మడతలు రుద్దకుండా టవల్‌తో అద్దుకోవాలి. కాళ్ళ దాకా ఉండే ఫుల్ కాస్ట్యూమ్ తడిలో విప్పడం నరకమే, ఒప్పుకుంటా, అందుకే కొనేటప్పుడే పైభాగం కిందిభాగం విడిగా ఉన్నది తీసుకోండి, ఛేంజింగ్ రూమ్ సరిగ్గా లేకపోయినా టవల్ చుట్టుకుని కనీసం కిందిదైనా మార్చుకోవచ్చు. రోజూ వెళ్ళేవాళ్ళకి రెండు కాస్ట్యూమ్‌లు ఉండాలి, నిన్నటిది పూర్తిగా ఆరకుండా ఈరోజు వేసుకోకూడదు.

ఇంకొకటి మన ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు, ప్యాంటీలు ఎవరికీ కనపడకూడదని టవల్ కిందో చీర కిందో ఆరేస్తారు, అవి సగం తడిగానే మడతపెట్టేస్తాం. దయచేసి గాలి, ఎండ తగిలేలా ఆరేయండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాగే తడి పీల్చుకుంటుందని రోజంతా ప్యాంటీ లైనర్ పెట్టుకుంటే లోపల ఉక్క ఇంకా పెరుగుతుంది. పీరియడ్స్‌లో టాంపాన్‌తో (ప్యాడ్‌కి బదులు లోపల పెట్టుకునేది) ఈదేవాళ్ళు బయటికి రాగానే అది మార్చేయాలి.

లోపల కడగడం అసలు వద్దు. యాంటీసెప్టిక్ లిక్విడ్ కలిపిన నీళ్ళు, సువాసన సబ్బులు, ఇంటిమేట్ వాష్‌లు, ఏవీ లోపలికి పోనివ్వకండి. అక్కడ సహజంగానే పులుపు స్వభావం ఉంటుంది, పీహెచ్ దాదాపు 3.8 నుంచి 4.5, మనం కడిగేకొద్దీ మంచి బ్యాక్టీరియానే దెబ్బతింటుంది. బయట మామూలు నీళ్ళు చాలు.

ఇక గుర్తుపట్టడం. ఈస్ట్ అయితే ముఖ్యంగా దురద, కూర్చోనివ్వనంత దురద ఉంటుంది, చుట్టూ ఎర్రబడి వాస్తుంది, తెల్లబట్ట చిక్కగా విరిగిన పాలలా ఉంటుంది, పెద్దగా వాసన ఉండదు, మూత్రం తగిలినప్పుడు బయట చర్మం మండుతుంది, కలయికలో నొప్పి ఉండొచ్చు. చేపల వాసనతో పల్చగా బూడిదరంగులో వస్తే అది బ్యాక్టీరియా సమస్య కావచ్చు, మందు వేరు. పసుపు, ఆకుపచ్చ కలిసి నురగలా వస్తే ట్రైకోమోనియాసిస్ అనే ఇంకో ఇన్ఫెక్షన్ కావచ్చు, దానికి భర్తకి కూడా ట్రీట్‌మెంట్ కావాల్సి రావొచ్చు. మాటిమాటికీ మూత్రం వస్తూ లోపల మంటగా ఉంటే యూరిన్ ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. ఒక్కోసారి క్లోరిన్‌కి చర్మం మండడం మాత్రమే కావచ్చు, అది పూల్ మానేస్తే తగ్గిపోతుంది. గజ్జల్లో గుండ్రంగా అంచులతో పాకేది తామర. ఇవన్నీ మన కంటికి ఒకేలా అనిపిస్తాయి కాబట్టి మొదటిసారి వచ్చినవాళ్ళు డాక్టర్‌కి చూపించుకోవడమే కరెక్ట్.

మందు మామూలుగా క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే టాబ్లెట్ లేదా క్రీమ్, లేకపోతే ఫ్లుకోనజోల్ 150 ఎంజీ ఒక్క డోసు, డాక్టర్ రాసిన ప్రకారం. గర్భిణులు ఫ్లుకోనజోల్ సొంతంగా అస్సలు మింగకండి, వాళ్ళకి మామూలుగా 7 రోజుల లోపల పెట్టుకునే మందే ఇస్తారు. మెడికల్ షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్ అని ఉందేమో చదవండి. రాయగానే హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది, ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది, ఎంతమంది చర్మం పాడవుతోందో. తగ్గేదాకా ఈత ఆపితే మంచిది, ఎవరికో అంటుతుందని కాదు, క్లోరిన్‌కి మంట ఎక్కువవుతుందని.

ఏడాదిలో 3 సార్లు, అంతకన్నా ఎక్కువ వస్తే తడిబట్టల మీదే నెపం వేయకుండా షుగర్ టెస్ట్ చేయించుకోండి. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకి మూత్రంలో షుగర్ పోతుంది కాబట్టి ఇది ఎక్కువ వస్తుంది, మందు మీరే ఆపేయకుండా డాక్టర్‌కి చెప్పండి. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత కూడా వస్తుంది. దీన్ని సుఖవ్యాధి కింద లెక్కపెట్టరు, భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోకండి.

చిన్నపిల్లల సంగతి వేరు. పెద్దమనిషి కాని ఆడపిల్లల్లో ఈస్ట్ అరుదు, వాళ్ళకి క్లోరిన్, తడిబట్టలు, సబ్బు వల్ల మంట రావడమే ఎక్కువ, రాత్రిపూట వెనక దురద అంటే నులిపురుగులు కావచ్చు. మన క్రీమ్ వాళ్ళకి రాసేయకండి, పిల్లల డాక్టర్‌కి చూపించండి.

జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు, రక్తం కనిపిస్తే ఆగకుండా వెళ్ళండి. పెళ్ళికాని అమ్మాయిలు పరీక్షకి భయపడి వెళ్ళరు, పెళ్ళికాలేదన్న సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి, లేడీ డాక్టర్ కావాలని అడగండి, చాలాసార్లు పైపైన చూసి, సన్నటి స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లతో) శాంపిల్ తీసుకుంటే సరిపోతుంది. ఎప్పట్నుంచి, రంగు, వాసన, చివరి పీరియడ్ తేదీ, ఇప్పటిదాకా ఏం రాసుకున్నారో దాచకుండా చెప్పండి. ఆ ముందురోజు మాత్రం లోపల ఏ క్రీమూ పెట్టుకోకుండా వెళ్ళండి, లేకపోతే శాంపిల్‌లో సరిగ్గా తెలియకపోవచ్చు.