తుఫాన్ల ముందు పాత చైన్‌సా క్లచ్ విప్పుతున్నారా?

అక్టోబరు, నవంబరు తుఫాన్లకు కోస్తాలో చెట్లు కూలతాయి. మూలనున్న చైన్‌సా (చెట్లు కోసే మోటారు రంపం) అప్పుడే గుర్తొస్తుంది. ఇంజిన్ తిరుగుడును చైన్‌కు అందించే క్లచ్ పట్టేసి ఉంటే ఇప్పుడే చూడండి.

– చాలా చైన్‌సాల్లో క్లచ్‌ది ఎడమ మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. క్లచ్ మీద బాణం గుర్తుంటే మట్టి తుడిచి చూడండి. అలవాటుగా ఎదురు తిప్పి బలం పెడితే క్లచ్ బిగించి ఉండే ఇంజిన్ ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) మర పోతుంది, అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే.

– క్లచ్ తిప్పేటప్పుడు ఇంజిన్ తిరగకుండా పిస్టన్ ఆపడానికి స్పార్క్ ప్లగ్ రంధ్రంలోకి స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, పిస్టన్ పాడవుతుంది. మెత్తటి నైలాన్ తాడు చాలు. పిస్టన్ ఎగ్జాస్ట్ (పొగ పోయే) రంధ్రాన్ని మూసేదాకా పైకొచ్చాకే దూర్చండి, లేదంటే తాడు అందులో నలిగి తెగుతుంది.

– తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా ఉంచండి. సుత్తితో కొట్టొద్దు, దెబ్బ బేరింగులకు తగులుతుంది.

– క్లచ్ స్ప్రింగ్ సాగితే మార్చేయండి. లేకపోతే ఐడిల్‌లోనూ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడూ) చైన్ తిరగొచ్చు, అది ప్రమాదం.