అమెరికాలో డొమెస్టిక్ ఫ్లైట్ ఎక్కాలంటే, సెక్యూరిటీ దగ్గర తిప్పలు పడకుండా ఎలా?

అమెరికా ఎయిర్‌పోర్టుల్లో అడిగినవాళ్లకే పనులవుతాయి. పక్క గదిలో తనిఖీ చేయించుకోవడం కావచ్చు, పెద్దవాళ్లతో గేట్ దాకా వెళ్లే పాస్ కావచ్చు, ఏదీ ఎవరూ పిలిచి ఇవ్వరు. అందుకే ఏ దశలో ఏం చెయ్యాలో, ఏం అడగాలో వరసగా రాస్తున్నా. మీ అమ్మానాన్నలు ఒంటరిగా ప్రయాణం చేస్తుంటే ఇదంతా ముందే కూర్చోబెట్టి చెప్పండి.

1. ఐడీ

2025 మే 7 నుంచి రియల్ ఐడీ (ఫెడరల్ ప్రమాణాలకి తగ్గట్టు ఇచ్చే లైసెన్స్ లేదా ఐడీ కార్డ్) రూల్ అమల్లోకి వచ్చింది, మామూలు స్టేట్ లైసెన్స్ చూపిస్తే ఇబ్బందే. మన ఇండియన్ పాస్‌పోర్ట్ మాత్రం చెల్లుతుంది, కాబట్టి విజిట్‌కి వచ్చినవాళ్లు డొమెస్టిక్‌కి కూడా అదే చేతిలో పెట్టుకోవాలి, చెక్-ఇన్ బ్యాగులో పడేస్తే అంతే సంగతులు. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ముందూ వెనకా తారుమారై ఉంటే బుక్ చేసిన రోజే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి సరిచేయించుకోండి.

2. బ్యాగు సర్దడం

క్యాబిన్ బ్యాగులో లిక్విడ్ డబ్బా ఒక్కోటి 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి సుమారు ఒక లీటరు పట్టే ఒకే జిప్ కవర్లో పట్టాలి. సగం ఖాళీ అయిన 200 మిల్లీలీటర్ల షాంపూ సీసా కూడా పనికిరాదు, ఎందుకంటే వాళ్లు చూసేది సీసా సైజు. పెరుగు, జామ్, పీనట్ బటర్, టూత్‌పేస్ట్ ఇవన్నీ వాళ్ల లెక్కలో లిక్విడ్లే. 350 మిల్లీలీటర్లు దాటిన పౌడర్ ఏదైనా ఉంటే విడిగా తీసి చూస్తారు, అది చెక్-ఇన్‌లో వేసెయ్యడం హాయి. టానిక్కులు, సిరప్‌లకి మినహాయింపు ఉంది కానీ ట్రే పెట్టే ముందే ఆఫీసర్‌కి చెప్పాలి.

పవర్ బ్యాంక్ దీనికి పూర్తిగా రివర్స్, అది చెక్-ఇన్‌లో వెయ్యనే కూడదు. 100 వాట్ అవర్స్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) దాకా పర్లేదు, మామూలుగా వాడే 20,000 ఎంఏహెచ్‌వి సుమారు 74 వాట్ అవర్సే వస్తాయి. ఇంకో సంగతి, ఫ్లైట్ నిండిపోయి గేట్ దగ్గర మీ చేతి బ్యాగు కూడా కిందకి పంపిస్తాం అంటే, ఇచ్చే ముందు పవర్ బ్యాంక్, మందులు, పాస్‌పోర్ట్ బయటకి తీసుకోండి, ఆ హడావిడిలో అందరూ మర్చిపోయేది ఇదే.

3. టైమ్

రెండు గంటల ముందు చేరండి. చాలా ఎయిర్‌లైన్స్ 45 నిమిషాల ముందే లగేజీ తీసుకోవడం ఆపేస్తాయి, 15 నిమిషాల ముందు గేట్ మూసేస్తారు.

4. చెక్‌పాయింట్

2025 జూలైలో బూట్లు విప్పే రూల్ తీసేశారు, అయినా ఆఫీసర్ విప్పమంటే విప్పాల్సిందే. ల్యాప్‌టాప్ కొన్ని చోట్ల తియ్యమంటారు, కొత్త స్కానర్లు ఉన్న చోట వద్దంటారు, కాబట్టి పోయినసారి ఇలా చెయ్యలేదే అని వాదించకుండా అక్కడ ఏం చెప్తే అది చెయ్యండి. వాటర్ బాటిల్ ఖాళీగా తీసుకెళ్లి లోపల నింపుకోవచ్చు.

చీర, వదులు బట్టలు, గాజులు, జేబులో మర్చిపోయిన కాగితం, దేనికైనా స్కానర్ ఒక చోట గుర్తు చూపించొచ్చు. అప్పుడు చేత్తో తడిమి చూస్తారు. ఆడవాళ్లని ఆడ ఆఫీసరే చూడాలి, నలుగురిలో ఇబ్బందిగా ఉంటే ప్రైవేట్ స్క్రీనింగ్ అని ఒక్క మాట అంటే చాలు, పక్క గదిలోకి తీసుకెళ్తారు, తోడుగా మీ మనిషిని కూడా రానివ్వాలి. ఇది మీ హక్కు. ఈ మాట తెలియక లోపల్లోపలే కుమిలిపోయే పెద్దావిడలు ఎంతమందో, అందుకే ఆ రెండు ఇంగ్లీష్ ముక్కలు వాళ్లకి నేర్పించి పంపమంటున్నా.

5. ఇంటర్నేషనల్ నుంచి దిగి డొమెస్టిక్ పట్టుకునేటప్పుడు

అసలు తిప్పలన్నీ ఇక్కడే. బ్యాగు చివరి ఊరి దాకా ట్యాగ్ చేసినా సరే, మామూలుగా మొదట దిగిన అమెరికన్ ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ అయ్యాక బ్యాగు మీరే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్ట్ మీద వేసి, మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడాలి. విమానంలో ఇచ్చిన నీళ్ల బాటిల్ అక్కడ చెత్తబుట్టలోకే. డ్యూటీ ఫ్రీలో కొన్న పెద్ద సీసా ఉంటే షాపువాళ్లు సీల్ చేసిన కవర్ విప్పకుండా రసీదుతో ఉంచండి, లేదా చెక్-ఇన్ బ్యాగు చేతికొచ్చినప్పుడు అందులో పెట్టెయ్యండి, నా ఓటు రెండోదానికే. ఇదంతా గంటన్నరలో అవుతుందని నమ్మి టికెట్ కొనకండి, మూడు గంటల గ్యాప్ ఉంటే మనసు కుదుటగా ఉంటుంది. అబుదాబి మీదుగా వస్తే మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు, ఇక్కడ దిగాక డొమెస్టిక్ ప్యాసింజర్‌లా బయటకి నడిచి రావడమే.

6. పెద్దవాళ్లు ఉంటే

వీల్‌చెయిర్ ఉచితం, బుకింగ్ అప్పుడే పెట్టించండి. ఎక్కించడానికో, దించుకోవడానికో మీరు గేట్ దాకా వెళ్లాలంటే ఎయిర్‌లైన్ కౌంటర్లో మీ ఐడీ చూపించి ఎస్కార్ట్ పాస్ అడగండి. ఇవ్వాలన్న రూల్ లేదు, కానీ పెద్దవాళ్లు, భాష రాదు అని చెప్తే తరచుగా ఇస్తారు.

7. ఫ్లైట్ లేటైనా, రద్దయినా

క్యాన్సిల్ అయినా, డొమెస్టిక్ ఫ్లైట్ మూడు గంటలు, ఆపైన లేటయినా మీరు వెళ్లను అనుకుంటే నాన్-రిఫండబుల్ టికెట్ అయినా డబ్బు మీ కార్డ్‌కే రావాలి, 2024 అక్టోబర్ నుంచి ఉన్న రూల్ ఇది. వోచర్ ఇస్తాం అంటే తొందరపడి సరే అనకండి, సరే అన్నారంటే డబ్బు మీద ఆశ వదులుకున్నట్టే. సీట్లు ఎక్కువ అమ్మేసి మీరు వద్దంటున్నా ఆపేస్తే, మీరు ఊరు చేరడం ఎంత లేటయిందన్న దాన్ని బట్టి 1,075 లేదా 2,150 డాలర్ల పరిమితి దాకా పరిహారం ఉంటుంది, అదే మీ అంతట మీరు సీటు వదులుకుంటే వాళ్లు ఎంతిస్తానంటే అంతే, బేరం అక్కడే ఆడుకోవాలి. కౌంటర్ దగ్గర క్యూ పెద్దదిగా ఉంటే క్యూలో ఉంటూనే యాప్ తెరిచి, ఎయిర్‌లైన్‌కి ఫోన్ కూడా కలపండి, తర్వాతి ఫ్లైట్లో మిగిలిన సీట్లు ఎవరికి ముందు లైన్ కలిస్తే వాళ్లకే.