వీధి లైట్ల లెక్క, పంచాయతీకి వినతిపత్రం: తొమ్మిదో తరగతితో ఎలా చేయించాలి

మాక్ పోలింగ్, మాక్ అసెంబ్లీ చాలా బళ్లలో జరుగుతున్నాయి. బాగానే ఉంటాయి గానీ, అక్కడ ఏం తీర్మానించినా ఊళ్లో ఏదీ మారదు, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. ఊళ్లో ఉన్న ఒక చిన్న సమస్యను పట్టుకుని, లెక్క తీసి, పంచాయతీ నుంచి జవాబు వచ్చేదాకా వెంటపడితే పౌరశాస్త్రం వంటబడుతుంది. తొమ్మిదో తరగతి దీనికి సరైన వయసు. పదో తరగతిని కదిలిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు. ఆగస్టులో మొదలుపెట్టండి. వచ్చే ఏడాదికి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు ఏటా అక్టోబర్ 2న మొదలవుతుంది కాబట్టి, అప్పటికి మీ కాగితం సిద్ధంగా ఉండాలి.

సమస్యను పిల్లలే ఎంచుకోవాలి. అయితే చర్చకు ముందే మూడు షరతులు బోర్డు మీద రాయండి: పంచాయతీ అధికారంలో, దాని డబ్బుతో తీరేదై ఉండాలి; పిల్లలు లెక్కపెట్టగలిగేదై ఉండాలి; ఊళ్లో ఏ ఒక్క ఇంటినో వేలెత్తి చూపేది కాకూడదు. బెల్టు షాపు మూయించాలని ఎవరో ఒకరు తప్పక అంటారు. న్యాయమైన మాటే, కానీ దానికి పిల్లల్ని ముందు నిలబెట్టకూడదు. అది పెద్దలు ఎత్తుకోవాల్సిన పని అని అక్కడే చెప్పేయండి.

ఓటింగ్ చేతులెత్తించి పెట్టకండి. క్లాస్ లీడర్ చెయ్యి లేవగానే సగం చేతులు లేస్తాయి. ఒకే సైజు చీటీలు, ఒక అట్టపెట్టె, మూలన ఓ దుప్పటి చాటు చాలు. చీటీలు ఇద్దరు ఏజెంట్ల ఎదుట లెక్కించాలి. అయిదు సమస్యలు పోటీలో ఉంటే నలభై మందిలో పన్నెండు ఓట్లకే ఒకటి గెలుస్తుంది, మిగతా ఇరవై ఎనిమిది మందికి ఆ పని మీద మనసుండదు. మొదటి రెండు స్థానాలకు మర్నాడు రెండో విడత పెడితే ఈ చిక్కు తీరుతుంది.

వీధి లైట్లు గెలిచాయనుకుందాం. రోడ్ల మీద వెలుతురు ఏర్పాటు చేయడం 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షన్ కింద పంచాయతీ విధి. ఇక్కడే ఒక మెలిక ఉంది: స్తంభం, లైను విద్యుత్ సంస్థవి, దానికున్న లైటు పంచాయతీది. వేలాడే తీగ గురించి కార్యదర్శికి రాస్తే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది, అది విద్యుత్ సంస్థ లైన్‌మన్‌కో, ఏఈకో (అసిస్టెంట్ ఇంజినీరు) వెళ్లాలి. అందుకే సర్వే ఫారంలో గడులు విడివిడిగా పెట్టండి: స్తంభం నంబరు (లేకపోతే ఎదుటి గుర్తు), లైటు ఉందా, రాత్రి వెలుగుతోందా, పగలు కూడా వెలుగుతోందా, తీగ లేదా స్తంభం దెబ్బతిందా.

పగటి గడి ఎందుకని పిల్లలు అడుగుతారు. పగలు వెలిగే లైటుకు కారణం ఎప్పుడూ నిర్లక్ష్యమే కాదు. వీధి లైట్లకు విడిగా థర్డ్ వైర్ (వాటికి మాత్రమే కరెంటిచ్చే తీగ), ఆన్-ఆఫ్ స్విచ్ లేని చోట, ఇళ్లకు కరెంటున్నంతసేపూ అవీ వెలుగుతాయి. ఆ బిల్లు కట్టేది పంచాయతీయే. ఆరిపోయిన లైట్ల జాబితాతో పాటు ఈ జాబితానూ ఇస్తే, కొత్త ఖర్చు అడుగుతూనే పాత ఖర్చు తగ్గే దారి కూడా చూపినట్లవుతుంది. కార్యదర్శి చదివేది ఈ రెండోదే.

నలుగురు పిల్లలకు ఒక పెద్దమనిషి తోడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది వరకు. స్తంభాన్ని, స్టే వైరును (స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టిన తీగ) తాకకూడదు. వానాకాలంలో ఈ మాట రెండుసార్లు చెప్పాలి. ఇళ్ల ఫొటోలు వద్దు. రెండు రోజుల తర్వాత వేరే జట్టు అదే వీధిని మళ్లీ లెక్కించాలి. లెక్కలు కలవని చోట మూడోసారి వెళ్లాలి. గ్రామసభలో ఎవరైనా ‘మా వీధిలో అన్నీ వెలుగుతున్నాయే’ అంటే నిలబడేది ఈ రెండో లెక్కే.

వినతిపత్రం ఒక్క పేజీ దాటకూడదు. సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి పేరునా రాయండి: తేదీ, విషయం, ఎన్ని స్తంభాలు చూశారు, ఎన్ని ఆరిపోయాయి, ఏం కోరుతున్నారు. జాబితా జతచేయాలి. పిల్లల పేరు, తరగతి చాలు, ఫోన్ నంబర్లు, ఆధార్ వద్దు. హెచ్‌ఎం సంతకం తప్పనిసరి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ‘అందినది’ అని ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. చాలామంది ఈ ఒక్కటే మరిచి, తర్వాత ‘మాకేం అందలేదు’ అనిపించుకుంటారు.

గ్రామసభలో సభ్యులు ఓటర్లే, అంటే పిల్లలకు ఓటు లేదు. మాట్లాడేందుకు మూడు నిమిషాలు ఇవ్వమని సర్పంచ్‌ను ముందే లేఖతో అడగండి. వాళ్లు చదివాక, ఓటరైన ఓ అమ్మో నాన్నో లేచి తీర్మానాల పుస్తకంలో రాయమని కోరాలి. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి కాబట్టి ఒకటి తప్పినా ఇంకోటి దొరుకుతుంది. పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మాత్రం ఈ పని ఆపేయండి, అభ్యర్థులు పిల్లల్ని ఊరేగింపులో కలిపేసుకుంటారు.

నెలలోపు కదలిక లేకపోతే ఒక పెద్దవారి పేరున సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయిలో రుసుము లేదు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఎందుకు బాగుచేయలేదు’ అని అడగకూడదు, ఎందుకంటే చట్టం ఇప్పించేది రికార్డును, సంజాయిషీని కాదు. ‘గత ఆర్థిక సంవత్సరంలో వీధి లైట్ల కొనుగోలు, మరమ్మతు బిల్లుల నకళ్లు, కరెంటు బిల్లుల నకళ్లు ఇవ్వగలరు’ అని అడగండి. వచ్చిన కాగితాలను పిల్లల చేత తమ జాబితాతో సరిపోల్చించండి. లైట్లు వేశాక అదే ఫారంతో మళ్లీ లెక్కించి, ఒక ప్రతి పంచాయతీకీ, ఒకటి బడి నోటీసు బోర్డుకూ ఇవ్వాలి.