కొత్త డైవర్లకు ఏ డైవ్ సరిపోతుంది? సమస్య - పరిష్కారం

స్కూబా డైవింగ్‌లో తొలి దశ శిక్షణ ముగించినవారికిచ్చే ఓపెన్ వాటర్ కార్డు చేతికొచ్చిన వారానికే అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ చేరి, మొదటి రోజే జానీస్ గార్జ్ అనే లోతైన డైవింగ్ చోటుకు పడవ ఎక్కాలనుకునేవారు చాలామంది. అక్కడి చేపల గుంపులు చూసి తీరవలసినవే, కాని ఆ లోతు, ఆ ప్రవాహం కొత్తవారికి తగినవి కావు. కిందటి డైవ్‌లో మీరు పడిన ఇబ్బందిని బట్టి తరువాతి చోటును ఎంచుకోండి.

సమస్య: అందరికంటే ముందే ట్యాంకు ఖాళీ అవుతోంది

కారణం చాలావరకు లోతే. నీటి పైన ఒక బార్ (పీడనపు కొలత) ఉండే పీడనం 10 మీటర్ల దగ్గర రెండు, 20 మీటర్ల దగ్గర మూడు బార్లవుతుంది. ప్రతి శ్వాసకూ అన్ని రెట్ల గాలి ఖర్చవుతుంది. 12 లీటర్ల ట్యాంకును 200 బార్లకు నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి. అందులో 50 బార్లు మిగుల్చుకోవాలి. కొత్తలో కంగారుగా నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి మిగిలిన గాలి 20 మీటర్ల దగ్గర అరగంటే వస్తుంది, 10 మీటర్ల దగ్గర ముప్పావుగంట వస్తుంది.

పరిష్కారం: తరువాతి మూడు నాలుగు డైవ్‌లు 12 మీటర్లు దాటనివ్వకండి. కార్డు మీది 18 మీటర్లు మీ హద్దు. ప్రతిసారీ అక్కడిదాకా దిగి రావాలని ఎవరూ అడగరు.

సమస్య: దిగుతుంటే చెవులు నొప్పి పెడుతున్నాయి

పీడనానికి చెవిలోని గాలి అన్నిటికంటే ఎక్కువగా కుంచించుకుపోయేది తొలి కొన్ని మీటర్లలోనే. పడవ మీదినుంచి నేరుగా లోతుకు దిగే చోట చెవులు సర్దుకునే వ్యవధి దొరకదు. స్వరాజ్ ద్వీప్‌లోని నీమో రీఫ్‌లాగా ఒడ్డునుంచి నడిచి వెళ్ళి, నెమ్మదిగా లోతు పెరిగే చోటు మేలు. పడవే తప్పనిసరైతే లంగరు తాడు పట్టుకుని దిగండి. నొప్పి మొదలైతే ఒక మీటరు పైకి రండి. జలుబుంటే ఆ రోజు డైవ్ మానేయండి, డబ్బు పోయినా సరే.

సమస్య: చివరలో భద్రత కోసం ఆగవలసిన 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు నిలవలేక పైకి తేలిపోతున్నారు

గాలి ఖర్చయ్యేకొద్దీ ట్యాంకు సుమారు రెండు కిలోల బరువు కోల్పోతుంది. 50 బార్లు మిగిలినప్పటి తేలికను లెక్కలోకి తీసుకుని నడుముకు కట్టే బరువులు సరిచూసుకోండి. పగడపు దిబ్బ 5 మీటర్ల దాకా ఏటవాలుగా పైకి వచ్చే చోటు ఎంచుకుంటే, కంటి ముందు నేల ఉండి అదుపు సులభంగా అలవడుతుంది. చుట్టూ నీలం తప్ప ఏమీ కనబడని చోట అది చాలా కష్టం.

సమస్య: ప్రవాహానికి ఎదురీది ఆయాసం

వెంటనే ఈత ఆపండి, బండ చాటున ఊపిరి నిదానించేవరకు ఆగండి, గైడుకు సైగ చేయండి. తరువాతిసారి పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు పెద్దవి, ప్రవాహాలూ బలమైనవి. అష్టమి, నవమి ప్రాంతాల్లో అవి కాస్త నెమ్మదిస్తాయి. ఆ రోజుల్లో కూడా పడవ ఎక్కేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎంత లోతు, ఈ వేళ ప్రవాహం ఎలా ఉంది, ఒక్కో గైడుకు ఎంతమంది? జవాబు దాటవేస్తే ఆ డైవ్ వద్దనండి.