యూనివర్సల్ క్రెడిట్: దరఖాస్తు ఏ తేదీన చేస్తున్నారో ముందు చూసుకోండి

బ్రిటన్‌లో ఉద్యోగం పోయినా, వచ్చే జీతం చాలకపోయినా, అద్దె భారమైనా ఇప్పుడు అడగాల్సింది యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భత్యాన్నే. ఆరు పాత భత్యాలను కలిపేసి, 2012 చట్టం కింద 2013లో మొదలుపెట్టారు. దరఖాస్తు గవ్.యూకే సైట్‌లో చేసుకోవాలి. ఫారం నింపడం పెద్ద కష్టమేమీ కాదు. చిక్కంతా తేదీల దగ్గరే.

అంతకంటే ముందు వీసా సంగతి. మీ వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అనే షరతు ఉంటే అప్లై చేయకండి, వీసాకే ముప్పు. స్టూడెంట్, వర్క్ వీసాల్లో చాలావాటికి ఈ షరతు ఉంటుంది. దంపతుల్లో ఒకరికి అర్హత ఉండి, మరొకరికి ఈ షరతు ఉంటే, అర్హత ఉన్నవారు అడగవచ్చు. అయితే భత్యం ఒంటరి వ్యక్తి రేటుకే వస్తుంది, లెక్కలోకి మాత్రం ఇద్దరి ఆదాయం, పొదుపు తీసుకుంటారు. ఇలాంటి కేసుల్లో ఇమిగ్రేషన్ సలహాదారుని అడిగాకే ముందుకెళ్లడం మంచిది.

పొదుపు 16,000 పౌండ్లు దాటితే ఏమీ రాదు. 6,000 దాటాక ప్రతి 250 పౌండ్లకు నెలకు 4.35 పౌండ్ల చొప్పున కోత పెడతారు. విదేశాల్లో ఉన్న ఎఫ్‌డీలు, ప్లాట్లు కూడా చెప్పాల్సిందే. అవి లెక్కలోకి రావనుకుని వదిలేస్తే తర్వాత తిరిగి కట్టమంటారు.

బ్యాంకు వివరాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, అద్దె ఒప్పందం, జీతం స్లిప్పులు దగ్గర పెట్టుకుని ఆ సైట్‌లో ఖాతా తెరవండి. దంపతులైతే చెరో ఖాతా తెరిచి, కోడ్‌తో కలపాలి. ఖాతా తెరిచిన 28 రోజుల్లోపు దరఖాస్తు సబ్మిట్ చేయకపోతే మళ్లీ మొదటికే వస్తుంది.

సబ్మిట్ నొక్కిన రోజే మీ తేదీ, ఖాతా తెరిచిన రోజు కాదు. మార్చి 10న నొక్కారనుకోండి. మీ ఆదాయం చూసే మొదటి నెల లెక్క ఏప్రిల్ 9తో ముగుస్తుంది, డబ్బు 16 ప్రాంతంలో పడుతుంది. అంటే ఐదు వారాలు చేతిలో ఏమీ ఉండదు. పాత కంపెనీ నుంచి చివరి జీతం ఈ లెక్క నెలలోపు వస్తే అదీ ఆదాయమే, మొదటి చెల్లింపులో కోత పడుతుంది. రెండు రోజుల్లో జీతం రాబోతుంటే, అది పడ్డాక నొక్కడమే నయం. నెల జీతగాళ్లకు ఇంకో తంటా ఉండేది. జీతం రోజు సెలవై ముందే పడితే, ఒకే లెక్కలో రెండు జీతాలు చేరి భత్యం తగ్గిపోయేది. 2020లో అప్పీలు కోర్టు దీన్ని తప్పుపట్టాక నిబంధన మార్చారు. మీకు ఇలా జరిగితే ఆన్‌లైన్ ఖాతాలో సందేశాలు రాసే ‘జర్నల్‌’లో రాసి సరిచేయమని అడగండి.

ఈ ఐదు వారాల మీదే ఏళ్లుగా వాదన నడుస్తోంది. నెల జీతం అలవాటు చేయడానికేనని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. రేపటికి పాలు కొనలేని ఇంటికి ఆ అలవాటు ఎందుకో నాకైతే అర్థం కాదు. అప్పటిదాకా అడ్వాన్స్ అడగవచ్చు. వడ్డీ లేదు గానీ అది అప్పే, తర్వాతి నెలల్లో కోసుకుంటారు. అవసరమైనంతే తీసుకోండి. మూడో బిడ్డ నుంచి అదనపు మొత్తం ఇవ్వని ‘ఇద్దరు పిల్లల పరిమితి’ గొడవ మాత్రం ఒక కొలిక్కి వచ్చింది. 2017 నుంచి ఉన్న ఆ నిబంధనను 2026 ఏప్రిల్ నుంచి ఎత్తేస్తున్నట్టు 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు.

సబ్మిట్ చేశాక జాబ్‌సెంటర్ (ప్రభుత్వ ఉపాధి కార్యాలయం) నుంచి పిలుపు వస్తుంది. అక్కడి అధికారి అయిన వర్క్ కోచ్ చెప్పే ‘క్లెయిమెంట్ కమిట్‌మెంట్’ (మీరు చేయాల్సిన పనుల ఒప్పందం)ను ఒప్పుకుంటేనే డబ్బు. వారానికి ఎన్ని గంటలు పని వెతకాలో అందులోనే రాస్తారు కాబట్టి పిల్లల బడి వేళలు, ఆరోగ్య ఇబ్బందులు అప్పుడే చెప్పండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే దుబాసీని అడగవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వారి ‘హెల్ప్ టు క్లెయిమ్’ (దరఖాస్తుకు సాయం) ఉచితం.

నిర్ణయం తప్పనిపిస్తే నెలలోపు ‘మాండేటరీ రీకన్సిడరేషన్’ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించడం) కోరాలి. అక్కడా కాదంటే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.